మిస్రా ఎవరిది?

రాత ఒంటరి పని అని తెలుగు సాహిత్యం మనకు చాలాకాలంగా చెప్తూ వస్తోంది. అర్ధరాత్రి, దీపం, తెల్లకాగితం, దాని ముందు తల వంచుకున్న ఒక్క మనిషి. కవి అనగానే కళ్ల ముందు నిలబడే బొమ్మ ఇదే. ఈ బొమ్మ మాకు ఎప్పుడూ అతకలేదు. మా ఇళ్లలో ఒంటరిగా కూచోడానికి గది వుండదు. వున్న ఒక్క గదిలోనే అమ్మీ, అబ్బా, పెళ్లి కుదరని ఆపా, బడికి పోయే తమ్ముళ్లు. మాకు రాత మీద మనసు పడింది గుంపులోనే. ‘వాహ్’ అనేవాళ్ల మధ్య, చదివింది మళ్లీ చదవమని అడిగేవాళ్ల మధ్య, ‘ఇక్కడ తప్పింది బేటా’ అని నిలదీసేవాళ్ల మధ్య.

మేం అంటే ఎవరం? హిందూపురం, లేపాక్షి, పెనుకొండ, ధర్మవరం ఊళ్ల మధ్య పెరిగినవాళ్లం. ఇంట్లో దక్కనీ, బళ్లో తెలుగు, మదర్సాలో అరబ్బీ అక్షరాలు, సంతలో సగం కన్నడం. పట్టుగూళ్ల మార్కెట్టు చుట్టూ, రీలింగు చరఖాల చుట్టూ, చింతపండు మండీల చుట్టూ తిరిగిన కుటుంబాలు మావి. మాలో కొందరం పత్రికలకు వార్తలు రాస్తాం. కొందరం కవిత్వం రాస్తాం. చాలామందిమి రెండు భాషల్లో ఆలోచించి ఒక భాషలో రాస్తాం. ఈ వ్యాసంలో ‘మేం’ మర్యాద కోసం వాడిన బహువచనం కాదు. ఒక్కరుగా వుండే వీలు మాకు ఎవరూ ఇవ్వలేదు కాబట్టి వాడుతున్న మాట.

ముస్లింల తెలుగు రచన గురించి ఇప్పటికి చాలా చర్చ జరిగింది. ఎందుకు రాస్తున్నారు అని అడిగారు. ఎవరికోసం, ఎవరికి వ్యతిరేకంగా అని అడిగారు. ఏ భాషలో రాయాలో సలహాలిచ్చారు. అడగని ప్రశ్న ఒకటుంది. ముస్లిం పిల్లవాడికి, ముస్లిం ఆడపిల్లకు రాయడం మీద ప్రేమ ఎక్కడ పుడుతుంది? కోపం ఎక్కడ పుడుతుందో అందరికీ తెలుసు. ప్రేమ సంగతే ఎవరికీ పట్టలేదు. ఒక సాహిత్యం పదేళ్లు నిలుస్తుందా, వందేళ్లు నిలుస్తుందా అనేది ఈ ప్రశ్న మీదే ఆధారపడి వుందని మా నమ్మకం.

*

ఉర్దూలో తరహీ ముషాయిరా అనే ఆచారం వుంది. ఉస్తాద్ ఒక మిస్రా, అంటే ఒక పాదం, ముందుగా ప్రకటిస్తాడు. అదే ఛందంలో, అదే కాఫియా రదీఫ్‌లతో అందరూ గజల్ రాసుకుని రావాలి. ఆ కొలతకు ‘జమీన్’ అని పేరు. జమీన్ అంటే నేల. నేల అందరికీ ఒకటే, ఎవరి ఇల్లు వాళ్లు కట్టుకోవాలి. ఇచ్చిన మిస్రాకు తన మిస్రా జోడించి షేర్ పూర్తి చెయ్యడాన్ని ‘గిరహ్’ కట్టడం అంటారు. గిరహ్ అంటే ముడి.

తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు. అవధానంలో పృచ్ఛకుడు ఒక పాదం ఇస్తాడు, అవధాని తక్కిన మూడు పాదాలు పూరిస్తాడు. సమస్యాపూరణం. రెండు సంప్రదాయాలూ ఒక సంగతి గుర్తించాయి. మొదటి మాట ఇంకొకరు ఇస్తే రెండో మాట సులువుగా వస్తుంది. తెల్లకాగితం భయపెట్టినట్టు, సగం రాసిన కాగితం భయపెట్టదు. అయితే తేడా కూడా వుంది. అవధానం ఒక్కడి గొప్పదనానికి పరీక్ష. వందమంది చూస్తుంటే ఒక్కడు పూరిస్తాడు. తరహీ ముషాయిరాలో అందరూ పూరించాల్సిందే. బట్టల కొట్టు గుమాస్తా, బీడీలు చుట్టేవాడు, అరబ్బీ మౌల్వీ, స్కూలు మాస్టరు వరసగా కూచుని, ఒకే నేల మీద ఎవరి అడుగు ఎట్లా పడిందో చూసుకుంటారు. అది పరీక్ష కాదు, బడి.

ఈ బడికి నాలుగు గోడలు కూడా అక్కర్లేదు. 19వ శతాబ్దం రెండో సగంలో ఉత్తరాదిన ‘గుల్దస్తా’లనే చిన్న పత్రికలు వచ్చేవి. లక్నో నుంచి వచ్చిన ‘పయామె యార్’ వాటిలో పేరున్నది. పత్రిక ఒక మిస్రా అచ్చువేసేది. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో దానిమీద గజళ్లు పోస్టులో వచ్చేవి. పేరున్న ఉస్తాద్ పక్కనే ఎవరికీ తెలియని కుర్రవాడి షేర్ అచ్చయ్యేది. ఒకరి ముఖం ఒకరు చూడని మనుషులు నెలనెలా ఒకే నేల మీద కలుసుకునేవాళ్లు. గాలిబ్ ఢిల్లీలో కూచుని శిష్యుల కవిత్వాన్ని ఉత్తరాల్లోనే దిద్దాడు. ఆ శిష్యుల్లో ఆయనకు బాగా దగ్గరైనవాడు మున్షీ హర్‌గోపాల్ తఫ్తా. ఆయన హిందువు. దిద్దే చెయ్యికీ, దిద్దించుకునే చెయ్యికీ మధ్య మతం అడ్డు రాలేదు.

ఇంకో ఆచారం చూడండి. గుంపులోకి వచ్చినవాడు తనకు తానే ఒక పేరు పెట్టుకుంటాడు. తఖల్లుస్. దానికి ఊరిపేరు తగిలిస్తాడు. దక్కనీ హాస్యకవి గిల్లీ నల్గొండవీ పేరులో నల్గొండ అట్లాగే చేరింది. ఇంటిపేరు తాతతండ్రులిచ్చేది. ఈ పేరు మాత్రం మనిషి తన ఊరిని ప్రేమించి తెచ్చుకున్నది. ఊరినే ఇంటిపేరు చేసుకున్నవాణ్ని పట్టుకుని ‘మీ ఊరు ఏది?’ అని అడుగుతున్నారు ఈ దేశంలో.

ఇప్పుడు గుల్దస్తాలు లేవు. పోస్టుమాన్ గజళ్లు మోసుకురావడం లేదు. ఆ పని వేరే దారుల్లో జరుగుతోంది. 2012లో కవి యాకూబ్ ఫేస్‌బుక్‌లో మొదలుపెట్టిన ‘కవిసంగమం’ చిన్న ఊళ్లలో వున్న ఎంతోమందికి మొదటి శ్రోతల్ని ఇచ్చింది. యాకూబ్ ఖమ్మం ప్రాంతంలోని రొట్టమాకురేవు నుంచి వచ్చిన ముస్లిం కవి. అదే ఊరిపేరు మీద కవిత్వ పురస్కారం కూడా ఇస్తున్నాడు. ఇది యాదృచ్ఛికం అనుకోం. గుంపులో చదివి, గుంపులో విని, ఊరిపేరు మోసే అలవాటు మా ఇళ్లలోదే. సాధనం మారింది, బజ్మ్ అదే. ఎదుటివాడు వింటున్నాడని తెలిసినప్పుడే మనిషికి తన మాట మీద ఇష్టం కలుగుతుంది.

*

ఇక్కడిదాకా మంచిమాటే చెప్పాం. ఇప్పుడు చేదుమాట చెప్పాలి.

తెలుగులో ముస్లింవాద సాహిత్యానికి మిస్రా ఎవరిచ్చారు? ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ 1991లో వచ్చింది. పుట్టకముందే మనిషి మీద పడిన ముద్ర గురించిన దీర్ఘకవిత అది. మరుసటి ఏడు డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలింది. 1998లో స్కైబాబా సంపాదకత్వంలో ‘జల్‌జలా’ వచ్చింది. 2002లో గుజరాత్ తర్వాత ‘అజాఁ’ వచ్చింది. ఈ వరస ఒకసారి జాగ్రత్తగా చూడండి. ప్రతి పుస్తకం వెనక ఒక నేరారోపణ, ఒక కూల్చివేత, ఒక ఊచకోత వున్నాయి. ‘నువ్వెవరు? ఎక్కణ్నుంచి వచ్చావు? క్రికెట్ ఆడితే ఎవరి పక్షం?’ ఇదీ మాకిచ్చిన మిస్రా. ఇచ్చినవాడు ఉస్తాద్ కాదు, ఫిర్యాదుదారు. ఆ మిస్రా మీద మేం ముప్పై ఏళ్లుగా గిరహ్ కడుతూనే వున్నాం.

తప్పుగా అర్థం చేసుకోవద్దు. జవాబు చెప్పక తప్పని రోజుల్లో జవాబు చెప్పినవాళ్లు వాళ్లు. ‘జల్‌జలా’ లేకపోతే ఈ వ్యాసంలో ‘మేం’ అనే మాటే లేదు. అంతకుముందు తెలుగులో రాసిన ముస్లింలు లేరని కాదు. 1945లో కన్నుమూసిన పిఠాపురం ఉమర్ ఆలీషా పద్యాలు రాశాడు, నాటకాలు రాశాడు. కడప జిల్లా నుంచి సత్యాగ్ని ముస్లిం ఇళ్ల కథలు చెప్పాడు. సయ్యద్ నశీర్ అహమ్మద్ 2010లో తెచ్చిన ‘అక్షరశిల్పులు’లో మూడువందల మందికి పైగా తెలుగు ముస్లిం రచయితల వివరాలున్నాయి. అంతమంది వున్నారని మాకే తెలియదు. విడివిడిగా వున్నవాళ్లను కలిపి ‘మేం’ అనిపించింది ముస్లింవాదమే. ఆ రుణం తీరేది కాదు.

అయినా అడగాల్సింది అడగాలి. మిస్రా ఎదుటివాడిదైతే కాఫియా కూడా వాడిదే అవుతుంది. బుర్ఖా, బీఫ్, బాబ్రీ, పాకిస్తాన్. ఈ మాటలు మొదట కవి నోట పలికినప్పుడు నెత్తురొచ్చింది. పదో కవిలో ప్రాసలయ్యాయి. యాభయ్యో కవి దగ్గరికి వచ్చేసరికి సభలో ఏ పాదానికి చప్పట్లు పడతాయో రాయకముందే తెలిసిపోయింది. ఆ చప్పట్లే మా యువకవులకు పాఠమయ్యాయి. గాయం వుంటే చాలు, వాక్యం అక్కర్లేదన్నట్టు తయారైంది.

ముషాయిరాలో ‘వాహ్’ ఒక్కటే వుండదు. దాని వెనక ‘ఇస్లాహ్’ వుంటుంది. ఇస్లాహ్ అంటే దిద్దుబాటు. ఉస్తాద్ షేర్ విని ఒక మాట తీసేస్తాడు, ఒక మాట జరుపుతాడు, ఒక్కోసారి మొత్తం కొట్టేస్తాడు. శాగిర్ద్ నొచ్చుకోడు. తన మాటను ఇంత శ్రద్ధగా విన్నారా అని పొంగిపోతాడు. రాత మీద ప్రేమ పుట్టే క్షణం నిజానికి అదే. మెచ్చుకున్నప్పుడు మనిషికి తనమీద ప్రేమ పుడుతుంది. దిద్దినప్పుడు పనిమీద ప్రేమ పుడుతుంది. తెలుగులోకి వచ్చాక మేం ‘వాహ్’ తెచ్చుకున్నాం, ఇస్లాహ్ అక్కడే వదిలేశాం. దెబ్బతిన్నవాణ్ని దిద్దితే బాధపడతాడని సంఘీభావం ప్రకటించి వూరుకున్నాం. సంఘీభావం గొప్పది. కాని సంఘీభావం ఇస్లాహ్ కాదు.

ఈ విషయంలో మా లౌకిక మిత్రుల బాధ్యత ఇంకా ఎక్కువ. అభ్యుదయవాదులు, విప్లవవాదులు, లౌకికవాదులు మా పుస్తకాలకు ముందుమాటలు రాశారు, ఆవిష్కరణ సభలు జరిపారు. అందుకు షుక్రియా. ఆ సమీక్షలు ఒకసారి తీసి చదవండి. వాటిలో ముస్లిం వుంటాడు, కథ వుండదు. పేదరికం, భద్రత, ఆవేదన వుంటాయి. ఎత్తుగడ ఎట్లా వుంది, సంభాషణ పండిందా, ముగింపు తొందరపడిందా అన్న మాట ఒక్కటీ వుండదు. వేరే కథకుడి పుస్తకాన్ని శిల్పం కోసం చీల్చి చెండాడే విమర్శకుడు మా పుస్తకం దగ్గర టోపీ తీసి నిలబడతాడు. దాన్ని గౌరవం అనుకోమంటారా? మమ్మల్ని సాక్షులుగా పిలిచారు, రచయితలుగా పిలవలేదు. సాక్షి ఒకసారి సాక్ష్యం చెప్పి దిగిపోవాలి. బోనులో నిలబడ్డవాడికి భాష మీద ప్రేమ ఎట్లా కలుగుతుంది?

*

మిస్రా ఇంటినుంచి వచ్చినప్పుడు ఏం జరుగుతుందో తెలియాలంటే రెండు కథల పుస్తకాలు చాలు. ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’ 1999లో వచ్చాయి. నెల్లూరు జిల్లా ముస్లిం ఇంటి పిల్లవాడు అమ్మ గురించి, నాయన గురించి, జేజి గురించి, పండగ గురించి నవ్వుతూ చెప్పుకుపోతాడు. ఎవరికీ సంజాయిషీ ఇవ్వడు. తెలుగు పాఠకుడు ఆ ఇంట్లోకి చెప్పులు విడిచి వచ్చి, కూచుని, తిని వెళ్లాడు. వెళ్లేటప్పుడు ముస్లిం ఇల్లు చూశానని అనలేదు, మా ఇల్లు గుర్తొచ్చిందని అన్నాడు. ఆ నవ్వు ఎంత రాజకీయం చేసిందో మన సిద్ధాంత వ్యాసాలు ఇంకా లెక్క కట్టలేదు.

రెండోది వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’. 2011లో వచ్చింది. మరుసటి ఏడు కేంద్ర సాహిత్య అకాడెమీ యువ పురస్కారం అందుకుంది. పేరుకథలో శుక్రవారం నమాజు తప్పకూడదనే తల్లి, మసీదులో బాంబు పేలిన తర్వాత కొడుకును మసీదుకు పోవద్దంటుంది. ఇక్కడ కూడా దేశం వుంది, హింస వుంది, అనుమానం వుంది. అవేవీ మిస్రా ఇవ్వలేదు. మిస్రా అమ్మ ఇచ్చింది. తల్లి భక్తి, తల్లి భయం ఒకదానికొకటి ఎదురు నిలబడ్డ చోట కథ ముడిపడింది. మేం గిరహ్ అంటున్నది ఇదే. పెద్ద సంఘటనను ఇంటి మాటతో ముడివేసే పని. నినాదంతో మొదలుపెట్టి వుంటే ఆ ముడి పడేది కాదు.

రెండు పుస్తకాలకూ లోపాలు లేవనడం లేదు. దర్గామిట్ట నవ్వు కొన్నిచోట్ల చేదును మరీ తొందరగా మింగేస్తుంది. ‘జుమ్మా’లో కొన్ని కథలు జాలి దగ్గర ఆగిపోతాయి. ఈ లోపాలు చెప్పుకోగలుగుతున్నామంటే అవి కథలు కాబట్టి. సాక్ష్యానికి లోపం చెప్పలేం, నమ్మడమో నమ్మకపోవడమో ఒక్కటే వుంటుంది.

*

మళ్లీ మా ఊళ్లకు వద్దాం.

పెనుకొండ కోట శిథిలాల మధ్య చదువుకున్న ఒక పిల్లవాడు చిన్న వయసులోనే ‘పెనుగొండలక్ష్మి’ కావ్యం రాశాడు. ఆయనే పుట్టపర్తి నారాయణాచార్యులు. తాను రాసిన ఆ కావ్యమే తర్వాత తన విద్వాన్ పరీక్షకు పాఠ్యగ్రంథంగా వచ్చిన కథ సీమలో అందరికీ తెలుసు. కూలిన కోట ఆయనకు మిస్రా ఇచ్చింది. అదే కోట పక్కన, బాబా ఫక్రుద్దీన్ దర్గా నీడలో పెరిగిన ముస్లిం పిల్లవాడికి ఆ రాళ్లు ఏం చెప్పాయి? చరిత్ర పాఠంలో 1565 వస్తుంది. తళ్లికోట యుద్ధం వస్తుంది. ‘ముస్లిం సుల్తానులు కలిసి విజయనగరాన్ని నాశనం చేశారు’ అని మాస్టారు చదువుతాడు. తరగతిలో వున్న తలకాయలన్నీ ఒకవైపు తిరుగుతాయి. ఆ వైపు కూచున్నవాడి పేరు ఫక్రుద్దీన్. ఎవరూ ఏమీ అనరు. తిరిగి చూస్తారు, అంతే. నారాయణాచార్యులకు కావ్యమైన రాయి వీడికి నేరమైంది. మాలో ప్రతివాడూ ఆ బెంచీ మీద కూచుని లేచినవాడే.

ఆ పిల్లవాణ్ని మేం లేపాక్షికి రమ్మంటున్నాం. అచ్యుతదేవరాయలు 1529 నుంచి 1542 దాకా ఏలాడు. ఆయన కాలంలో పెనుకొండ సీమ అధికారులైన విరుపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు వీరభద్రాలయాన్ని నిలబెట్టారు. యాత్రికులు వచ్చి వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసి, ఏకశిలా నంది ముందు ఫొటో దిగి పోతారు. తల పైకెత్తండి. కప్పు మీద బొమ్మలున్నాయి. అందులో మగవాళ్ల తలల మీద పొడవాటి కోసు టోపీలు చూడండి. వాటి పేరు కుళ్లాయి. పారశీక భాషలోని ‘కులాహ్’ నుంచి వచ్చిన మాట. ఒంటిమీద పొడుగు అంగీ కబాయి. అరబ్బీ ‘ఖబా’. విజయనగర కొలువులో గౌరవ వేషం ఇదే. ఆ రాజులు ‘హిందూరాయ సురత్రాణ’ అని బిరుదు పెట్టుకున్నారు. సురత్రాణ అంటే సుల్తాన్. ఫిలిప్ వాగనర్ అనే చరిత్రకారుడు 1996లో ఈ వేషం గురించీ, ఈ బిరుదు గురించీ వివరంగా రాశాడు. అంతకు శతాబ్దం ముందే, శ్రీనాథుడిదని చెప్పుకునే ఒక చాటువులో, కన్నడ రాజ్యం కొలువుకు పోవడానికి కుళ్లాయి పెట్టుకోవాల్సి వచ్చిన ఇబ్బంది వినిపిస్తుంది.

చరిత్ర అంతా ప్రేమే అని బుకాయించడానికి ఇది చెప్పడం లేదు. యుద్ధాలు జరిగాయి, కోటలు కూలాయి, గుళ్లు కూడా కూలాయి. ఆ పాఠం చెప్పినవాళ్లు ఈ పాఠం ఎందుకు చెప్పలేదన్నదే మా ప్రశ్న. వీరభద్రుడి గుడి కప్పు మీదనే తురకటోపీ వుంది. దాన్ని గీసిన చిత్రకారుడికి అది పరాయిది అనిపించలేదు. మా జిల్లాల్లో ఆ మాట ఇంకా బతికే వుంది. నార్పల మండలం గూగూడులో మొహర్రానికి కుళ్లాయిస్వామి పీరు లేస్తుంది. హిందువులు మొక్కులు తీర్చుకుంటారు. కుళ్లాయప్ప, ఫక్కీరప్ప, మస్తానప్ప అనే పేర్లు హిందువుల ఇళ్లలో వున్నాయి. ఇంత మిస్రా కప్పు మీద రాసి వుంటే, మేం తల దించుకుని ఫిర్యాదుదారు ఇచ్చిన మిస్రా మీద ఇంకెంతకాలం రాయాలి?

*

భాష సంగతి కూడా తేల్చుకోవాలి. మా పిల్లలు రెండు గుమ్మాల ముందు నిలబడి వున్నారు. ఉర్దూ ఉస్తాద్ ‘నక్కో’, ‘హౌ’ అనగానే నవ్వుతాడు. దక్కనీ భాష కాదంటాడు, లక్నో మాట నేర్చుకు రమ్మంటాడు. ఉర్దూలో దీవాన్ కూర్చిన తొలి కవుల్లో ఒకడైన కులీ కుతుబ్‌షా రాసింది దక్కనీలోనే అన్న సంగతి ఆయన మర్చిపోతాడు. గుల్బర్గా సులేమాన్ ఖతీబ్ ఆ మాటలతోనే వేలమందిని నవ్వించి ఏడిపించిన సంగతీ మర్చిపోతాడు. రెండో గుమ్మంలో తెలుగు సంపాదకుడుంటాడు. అమ్మీ అని రాస్తే పక్కన కుండలీకరణంలో అమ్మ అని పెట్టమంటాడు. ఫజర్ అంటే పుస్తకం చివర అర్థం ఇవ్వమంటాడు. అమ్మను అమ్మీ అన్నందుకు అర్థం చెప్పుకోవాల్సి వచ్చిన పిల్లవాడు ఆ వాక్యాన్ని ప్రేమించగలడా?

ఈ ఇద్దరికీ ఒకటే జవాబు. తెలుగువాడు రాయడానికి కూచుంటే చేతిలోకి తీసుకునే కలం అరబ్బీ మాట. ముందు పరుచుకునే కాగితం పారశీక మాట. రైతు, రోజు, ఖర్చు, దుకాణం, జవాబు, హక్కు, వీటిలో దేనికి మీరు కుండలీకరణం పెట్టారు? అటు మా దక్కనీ చూడండి. ‘వస్తానని చెప్పాడు’ అనడానికి మేం ‘ఆతూఁ బోల్‌కే బోల్యా’ అంటాం. ఆ ‘బోల్‌కే’ లక్నోలో దొరకదు. తెలుగు ‘అని’ చేసే పనే అది చేస్తుంది. మాటలు మా ఇంటినుంచి మీ ఇంటికి వచ్చాయి. వాక్యం కట్టే తీరు మీ ఇంటినుంచి మా ఇంటికి వచ్చింది. ఇచ్చిపుచ్చుకోవడం ఇంత లోతున జరిగాక అర్థాల పట్టిక ఎవరికోసం?

2022లో రాష్ట్రం ఉర్దూను రెండో అధికార భాషగా గుర్తించింది. అదే ఏడు ఏప్రిల్‌లో మా ఊళ్లు శ్రీ సత్యసాయి జిల్లా అయ్యాయి. ఆఫీసు బోర్డుల మీద మూడో వరస వస్తే మంచిదే. బోర్డు చూసి ఎవరికీ రాత మీద మనసు పడదు. ఒక మనిషి ఎదురుగా కూచుని ‘ఏం రాశావు, చదువు’ అంటేనే పడుతుంది.

ఆ ‘ఏం రాశావు’ అన్న మాట మా ఆడవాళ్లను ఎవరు అడిగారు? ముషాయిరాలో వాళ్లకు చోటు లేదు. వుంటే పరదా వెనక, వినడానికి. కాని బీజాపూర్ సూఫీల కాలం నుంచి దక్కనులో ఆడవాళ్లకు తమ బజ్మ్ వుంది. తిరగలి ముందు పాడిన చక్కీనామాలు, రాట్నం ముందు పాడిన చర్ఖానామాలు. రిచర్డ్ ఈటన్ 1978లో బీజాపూర్ సూఫీల మీద తెచ్చిన పుస్తకంలో వాటి గురించి చెప్పాడు. తిరగలి పిడి ఏమిటి, రాట్నం కదురు ఏమిటి, దారం ఎవరి నామం పలుకుతుంది అని పని లయలోనే జ్ఞానం చెప్పే పాటలవి. మా హిందూపురంలో చరఖా ఆగలేదు. వేడినీళ్లలో పట్టుగూళ్లు ఉడుకుతుంటే చేతివేళ్లు తెల్లగా నాని, పోచ వెతికి అందించే చెల్లెళ్లు, ఖాలాలు వున్నారు. ఆ పట్టు ధర్మవరం మగ్గం మీద చీర అవుతుంది. చీర మీద కవిత్వం తెలుగులో బోలెడంత వుంది. ఈ వేళ్ల చర్ఖానామా ఎవరు రాయాలి? షాజహానా ‘నఖాబ్’ తెచ్చినప్పుడు మా మగవాళ్లే చాలామంది ముఖం ముడుచుకున్నారు. బయటివాడు మా నోరు నొక్కుతున్నాడని అరిచే హక్కు మాకుంది. ఇంట్లో నోళ్లు నొక్కుతూ అరిస్తే ఆ హక్కు సగం చచ్చిపోతుంది.

*

కాబట్టి మా ప్రతిపాదన పెద్దదేమీ కాదు. నెలకు ఒకరోజు, హిందూపురంలో ఒకసారి, పెనుకొండలో ఒకసారి, ధర్మవరంలో, లేపాక్షిలో ఒక్కోసారి కూచుందాం. ముందు నెలే మిస్రా ప్రకటిద్దాం. ఆ మిస్రా ఫిర్యాదుదారుది కాకూడదు. కుళ్లాయి కావచ్చు, పట్టుపోచ కావచ్చు, బాబయ్య ఉరుసు కావచ్చు, అబ్బా పాత సైకిలు కావచ్చు. తెలుగులో రాసినవాళ్లు తెలుగులో, దక్కనీలో రాసినవాళ్లు దక్కనీలో, ఏ లిపి వస్తే ఆ లిపిలో. ఆడవాళ్లు ముందు వరసలో కూచోవాలి. ముస్లింలు కానివాళ్లు రావాలి, వినడానికే కాదు, అదే మిస్రా మీద రాసుకుని రావాలి. సానుభూతి ఇంటిదగ్గర పెట్టి రావాలి. ఇక్కడ ‘వాహ్’ వుంటుంది, దాంతోపాటు ఇస్లాహ్ వుంటుంది. మా వాక్యం బాగోలేకపోతే బాగోలేదని చెప్పండి. మీదీ బాగోలేకపోతే మేం చెప్తాం.

కోపం వదిలెయ్యమంటున్నారా అని మాలోనే కొందరు అడుగుతారు. వదలం. వదిలే రోజులు కావు ఇవి. కాని కోపాన్ని నిలబెట్టేది పనిమీద ప్రేమే. కోపం మాత్రమే వున్నవాడు ఒక పుస్తకం రాసి అలిసిపోతాడు. ప్రేమ వున్నవాడు పదో పుస్తకంలో కూడా ఒక మాట కోసం తెల్లవారేదాకా కొట్టుకుంటాడు. మా వైపు చూపించే వేళ్లకు ఈ రెండోవాడంటేనే భయం.

జమీన్ అందరిదీ. అయిదువందల ఏళ్లుగా ఈ నేల మీద మేమూ కాఫియా కలుపుతూనే వున్నాం. ఇకమీద మిస్రా కూడా మేమే ఇస్తాం. గిరహ్ కట్టడానికి మీరు రండి.